గంజి పెట్టిన జెండా

జూలై 3

మరదలికి,

నిన్న పొద్దుగూకే వేళకి ఇల్లు చేరాను. బస్సు దారిలో రెండుసార్లు మొరాయించింది. పాలామె కోళ్ళకు నీళ్ళు పెట్టింది గాని నా గది తలుపు వేయడం మరిచిపోయింది. ఒక పెట్ట నా మంచమెక్కి, దిండు పక్కన గుడ్డు పెట్టి కూర్చుంది. తమ్ముడుంటే ఈ సంగతి పదిమందికి చెప్పి నవ్వేవాడు. ఇప్పుడు చెప్పుకోవడానికి నువ్వే ఉన్నావు. నువ్వు నవ్వే మనిషివి కాదు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో మాట నాకు సరిగ్గా అందదు. ఉత్తరమే నయం. తిట్టినా నిదానంగా చదువుకోవచ్చు.

తమ్ముణ్ణి మాజీ సైనికుల సంఘం వాళ్ళు బాగానే సాగనంపారు. అందరూ పాత సిపాయిలే, అందరూ ముసలాళ్ళే. కోటు గుండీలు పొట్టల మీద పడటం లేదు. అయినా అడుగు తప్పలేదు. శవపెట్టె మోసేటప్పుడు ఎడమవైపు ముందున్నవాడికి బురదలో కాలు జారింది. పెట్టె మీద కప్పిన జెండా ఒక మూల నేలకు తగిలింది. నువ్వు చూశావో లేదో, నేను చూశాను. ఆర్మీ ఆసుపత్రిలో అన్నేళ్ళు నర్సుగా చేసినదాన్ని, అటువంటివి నా కంటపడకుండా పోవు. తర్వాత జెండా మడిచి, ఆ మోకాళ్ళ నొప్పుల సార్జంటు నీ ముందు వంగి నీ ఒళ్ళో పెట్టాడు. తిరిగి లేవలేకపోతే నువ్వే మోచెయ్యి పట్టి లేపావు. అదీ చూశాను.

నేను రెండో వరసలో నిలబడి చూశాను. ముందు వరసలో నీ పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. దాని మీద నీ చేతిసంచి ఉంది. చేతిసంచికి కూర్చునే చోటుంది, ఎత్తుకు పెంచిన అక్కకు లేదు. సరేలే, ఆ మాట అనడానికి కాదు ఈ ఉత్తరం.

జెండా ఒక్క నెల నా దగ్గర ఉంచుకుంటాను. వాడి ఫొటో కింద బల్ల ఖాళీ చేసి తుడిచాను. అమ్మ పోయేనాటికి వాడికి నడక రాలేదు, నా చంకలోనే పెరిగాడు. నెల రోజులు అడగడం ఎక్కువ కాదనుకుంటాను. మన రూటు కండక్టరు చేతికిస్తే చాలు. నమ్మకస్తుడు. గుడ్లు కూడా పగలకుండా తెచ్చిస్తాడు.

నీ వదిన


జూలై 11

వదిన గారికి నమస్కారం.

మీ ఉత్తరం దుకాణానికి వచ్చింది. ఇస్త్రీ పెట్టె పక్కనబెట్టి చదివాను. మీ తమ్ముడు పోయాక రెండు రోజులే దుకాణం మూశాను. డాక్టర్ల తెల్లకోట్లు పేరుకుపోయాయి. వాళ్ళకు మన చావులతో పనేముంది? ఉన్నా, మాసిన కోటు వేసుకుని రోగిని చూడలేరు గదా.

మీరు చూసినవన్నీ రాశారు. నేను చూసింది కూడా రాస్తాను. మట్టి వేయడం కాగానే ఆ ముసలాళ్ళంతా మీ చుట్టూ మూగారు. "సిస్టర్, నా భుజంలో తూటా ముక్క తీసింది మీరే, గుర్తుందా?" అని ఒకాయన అంత వానలోనూ చొక్కా గుండీలు విప్పి చూపించాడు. ఇంకొకాయన మీ చెయ్యి పట్టుకుని వదల్లేదు. సార్జంటు మీకు సెల్యూట్ కొట్టాడు, మీరూ తిరిగి కొట్టారు. నేను ఒళ్ళో జెండా పెట్టుకుని అక్కడే కుర్చీలో ఉన్నాను. చచ్చిపోయింది నా మొగుడు. పరామర్శలు మీకు.

అంతకుముందు బ్యూగిల్ ఊదినప్పుడూ అంతే. అందరి చేతులూ ఒక్కసారే లేచాయి, మీదీ లేచింది. నా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఎప్పుడెత్తాలో, ఎప్పుడు దించాలో ఇన్నేళ్ళ కాపురంలో మీ తమ్ముడు నాకు నేర్పలేదు. మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. మీరు ఆ జాతి. నేను ఆ జాతి బట్టలు ఇస్త్రీ చేసినదాన్ని.

ఇంత దక్కాక, జెండా కూడా కావాలా వదినా?

చేతిసంచి సంగతి చెప్పినా మీరు నమ్మరు, వదిలేయండి. జెండా ఇప్పుడు పంపే స్థితిలో లేదు. ఎందుకని అడగకండి.

కోళ్ళు జాగ్రత్త. తలుపు గొళ్ళెం మీ తమ్ముడు పోయినేడు వచ్చినప్పుడు బిగిస్తానన్నాడు గదా, బిగించలేదా?

మీ మరదలు


జూలై 19

మరదలికి,

గొళ్ళెం బిగించలేదు. మాటైతే ఇచ్చాడు. నా దగ్గర టీ తాగి, కోడిపుంజుతో కాసేపు మాట్లాడి, "నీ మరదలు చూస్తుంటుంది అక్కా, ఆలస్యమైతే ఒప్పుకోదు" అని లేచాడు. ఎప్పుడొచ్చినా ఇదే మాట. ఒక్క రాత్రి నా ఇంట పడుకుని ఎరగడు. నువ్వు వాణ్ణి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నావు. ఇప్పుడు జెండానూ పెట్టుకున్నావు అనుకున్నాను.

కాదట. బీరువాలో లేదట, బజార్లో ఉందట.

నిన్న కండక్టరు ఆగి చెప్పాడు. "నర్సమ్మా, మీ మరదలి షాపులో టేబుల్ మీద జెండా పరిచి ఉందండీ. నలుగురైదుగురు నిలబడి చూస్తున్నారు" అన్నాడు. వాడు మంచికే చెప్పాడు, గొప్పగా. నాకు పొయ్యి మీద టీ పొంగిపోయింది. పంపే స్థితిలో లేదంటే ఇదా? బట్టలు తెచ్చేవాళ్ళకు ప్రదర్శన పెట్టావా? ఇస్త్రీకి జత ఇస్తే జెండా దర్శనం ఉచితమా?

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ లెక్కన సగం జెండా నాది. చింపమనడం లేదు. ఆ సామెత ఎవరో ఊరికే పుట్టించలేదని గుర్తు చేస్తున్నాను.

ఇంకొకటి కూడా నీకు తెలియాలి. వాడు ఆర్మీలో చేరే రోజున ఎత్తు చాలలేదు. ఊళ్ళో అందరూ పొట్టోడా అని పిలిచేవాళ్ళు, నీకు తెలుసుగా. ఆ పూట ఎత్తు కొలిచే గదిలో డ్యూటీ నాది. కర్ర వాడి తల మీద పెట్టలేదు, జుట్టు మీద ఆపాను. వాడు నవ్వు ఆపుకోలేక చచ్చాడు. డాక్టరు తల తిప్పకముందే అంకె చెప్పేశాను. నేనలా చెప్పబట్టే వాడు సిపాయి అయ్యాడు. వాడు సిపాయి కాబట్టే ఆ జెండా. నువ్వు ఆ తర్వాత ఎప్పుడో వచ్చావు.

జెండాను టేబుల్ మీంచి తీసెయ్. పంపినా సరే, పంపకపోయినా సరే.

వదిన


జూలై 27

వదిన గారికి,

దుకాణంలో నేను ఏం చేస్తున్నానో కండక్టరు మీకు చెప్పాలా? వాడి యూనిఫాం చంకల్లో చెమట మరకలు పోగొట్టేది నేను. ఈసారి వాడి జత వాడి మొహాన కొడతాను.

కర్ర జుట్టు మీద ఆపానని గొప్పగా రాశారు. ఆపండి, కాదన్నదెవరు? మీరు కొలిచి లోపలికి పంపారు. తిరిగి బయటికొచ్చిన మనిషితో కాపురం చేసింది నేను. పెళ్ళయిన కొత్తలో పక్కింట్లో ఇనప సామాను కింద పడితే మంచం కింద దూరాడు. నేను లాంతరు పట్టుకుని కింద కూర్చుని, "బిందెండీ, ఒట్టి బిందె" అని తెల్లారేదాకా చెబుతూ ఉన్నాను. మీ ఇంట ఒక్క రాత్రి పడుకోలేదన్నారు. ఎందుకు పడుకోలేదో ఇప్పుడు తెలిసిందా? అక్క ముందు అలా కనపడటం ఇష్టంలేక. ఆలస్యమైతే మరదలు ఒప్పుకోదని నా మీద పెట్టాడు. పెట్టనీ అని ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ మీ దృష్టిలో నేనే గయ్యాళిని.

ఇంకా రాయనా? చివరి వారం ఆసుపత్రిలో మందుల మత్తులో ఉన్నాడు. నీళ్ళు పట్టడానికి తల ఎత్తితే నన్ను "అక్కా" అన్నాడు. ఒకసారి కాదు. "అక్కా, చాలు" అన్నాడు. "అక్కా, దీపం తీసెయ్" అన్నాడు. పట్టిన చెయ్యి నాది, పిలిచిన పేరు మీది. పక్క మంచం వాళ్ళావిడ నన్ను ఆయన అక్కనే అనుకుంది. నేను కాదనలేదు. ఏమని చెప్పను?

కాబట్టి, నా ఒళ్ళో పెట్టిన ఆ ఒక్క గుడ్డా నాది. ఇవ్వను.

మీకూ వస్తుందిగా? సార్జంటు చెప్పాడు, నర్సులకూ అంతే మర్యాదట. తుపాకులు, బ్యూగిల్, జెండా, అన్నీ. అప్పుడు తీసుకోండి. మొగుడు లేడు, బిడ్డలు లేరు. ఎవరి ఒళ్ళో పెడతారో మరి! కోళ్ళ ఒళ్ళోనా?

ఉంటాను.


ఆగస్టు 9

మరదలికి,

నువ్వడిగింది సరైన ప్రశ్నే. నేనూ వేసుకుని చూశాను. జవాబు లేదు.

అక్కా అన్నాడని బాధపడ్డావు. ఆర్మీ వార్డులో ప్రతివాడూ నర్సును అక్కా అనే పిలుస్తాడు. వాడు పిలిచింది నన్నే అనుకోవాలని నాకూ ఉంది. ఏమో, తెలియదు. "దీపం తీసెయ్" అని నాతో ఎప్పుడూ అనలేదు. చిన్నప్పుడు వాడికి చీకటంటే భయం. ఆ మాట పక్కన పడుకునే మనిషితో అనేదే.

మంచం కింద దూరిన సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే గొళ్ళెం గురించి సతాయించకపోదును.

సెల్యూట్ గురించి రాశావు గనక చెబుతున్నాను. నాకు బ్యూగిల్ వినపడలేదు. ఆసుపత్రి వెనక బాంబు పడ్డ రోజున ఎడమ చెవి పోయింది. కుడిది వయసుతో పాటు తగ్గుతూ తగ్గుతూ వచ్చి పోయినేడు పూర్తిగా పోయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. తమ్ముడికి చెప్పలేదు. ఆ రోజు నేను బ్యూగిల్ ఊదేవాడి బుగ్గలు చూస్తూ నిలబడ్డాను. బుగ్గలు ఉబ్బాయి, చెయ్యెత్తాను. బుగ్గలు పడిపోయాయి, దించాను. తుపాకులు పేలడం కాళ్ళ కింద నేలకు తెలిసింది, నాకు తెలియలేదు. భుజం చూపించిన ఆయన ఏమన్నాడో నీ ఉత్తరంలో చదివాకే తెలిసింది. నేను ఊరికే తలూపాను.

నీకు వినపడింది. నీ ఒళ్ళో పెట్టారు కూడా. నాకు చేత్తో ముట్టుకునేది ఒకటి ఉంటే బాగుండునని అడిగాను. అంతకుమించి లేదు.

ఇక జెండా వద్దు. ఉత్తరాలు కూడా వద్దులే. కండక్టరు యూనిఫాం మాత్రం ఇస్త్రీ చేసివ్వు. వాడిదేం తప్పు లేదు.

వదిన


ఆగస్టు 16

వదిన గారికి,

వద్దన్నా రాస్తున్నాను. దీనితో పాటు కండక్టరు చేతికి పొట్లం ఇచ్చాను. వాడి జత కూడా ఇచ్చేశాను, మొహాన కొట్టలేదు.

చేతిసంచి గురించి: అది మీ చోటు. పొద్దున సంఘం వాళ్ళ ఆడవాళ్ళు వచ్చి కూర్చోబోతే, మా వదిన వస్తుందని సంచి పెట్టి ఆపాను. మీరు వచ్చారు, సంచి చూశారు, వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. రెండుసార్లు పిలిచాను. తల తిప్పలేదు. పదిమంది ముందు నన్ను కాదన్నారని ఒళ్ళు మండి సంచి అక్కడే ఉంచేశాను. వానకు సంచి తడిసి, లోపలి మందుల చీటీలన్నీ ముద్దయ్యాయి. ఇక ఆ చీటీలతో పనిలేదనుకోండి.

బ్యూగిల్ ఎలా వినిపించిందో రాస్తాను. నాకు సంగీతం రాదు. మీ తమ్ముడు బస్సు డిపోలో వాచ్‌మన్‌గా ఉన్నన్నాళ్ళూ చివరి బస్సు బయటికి వెళ్ళాక గేటు వేసి ఇంటికొచ్చేవాడు. ఆ బస్సు మలుపు తిరిగేటప్పుడు కొట్టే హారన్ మా ఇంటికి వినిపించేది. సన్నగా మొదలై, దూరమవుతూ, ఉందా ఆగిందా అనిపించేది. అది విని పొయ్యి వెలిగించేదాన్ని. బ్యూగిల్ అలాగే ఉంది. మొదట నెమ్మదిగా, మధ్యలో పైకెక్కి, చివర మళ్ళీ కిందికి. ఆఖరి స్వరం దగ్గర కొంచెం పగిలింది. ఊదినాయన దగ్గు మింగాడు. మీ తమ్ముడుంటే "వీడికి ఊపిరి లేదు, నాకివ్వండి" అనేవాడు.

అంతే. ఇంతకన్నా చెప్పడం నాకు రాదు.

పొట్లం విప్పాక తిట్టండి. తిడతారని తెలుసు.

మీ మరదలు


ఆగస్టు 24

మరదలా,

ఇదేమిటి? నేను జెండా అడిగితే తలుపు చెక్క పంపావు!

పొట్లం విప్పి నిలబెడితే నిలబడింది. గోడకు ఆనించి దూరంగా జరిగి చూశాను. కోడిపుంజు గడప దాకా వచ్చి, దాన్ని చూసి, వచ్చిన దారినే పోయింది. గంజి పెట్టావు! జెండాకు గంజి పెట్టిన మనిషిని నా జన్మలో చూడలేదు. నాలుగు మడతలు పెట్టి, అంచుకు అంచు కలిపి, పైన ఇస్త్రీ పెట్టెతో తోమి పంపావు. దుప్పటి అనుకున్నావా? ఏ డాక్టరు మంచానిది?

మూడు మూలలుగా మడవాలి. ఒక కొస నుంచి పొర్లించుకుంటూ వచ్చి చివర లోపలికి దోపాలి. కుట్టు బయటికి కనపడకూడదు. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. సార్జంటు నీ ఒళ్ళో అలాగే గదా పెట్టాడు! దాన్నెందుకు విప్పావు? ఏ చెయ్యి దురద పెట్టి విప్పావు?

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన. వాడి పెట్టె మీద పడిన వాన లేదు, మట్టి లేదు. అది వాడి మీద కప్పిన గుడ్డ. ఆ రోజు నాకు చెవులు లేవు, ముక్కైనా ఉందనుకున్నాను. అదీ లేకుండా ఉతికేశావు.

చేతిసంచి సంగతి చదివాను. పిలిచావని నాకెలా తెలుస్తుంది? సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంటే వచ్చి కూర్చునేదాన్ని. ఇద్దరం తడిసినా ఒక్కచోట తడిసేవాళ్ళం.

బస్సు హారన్ సంగతి కూడా చదివాను. దాని గురించి ఇప్పుడు రాయను. ముందు గంజికి జవాబు చెప్పు.

వదిన


సెప్టెంబర్ 1

వదిన గారికి,

జవాబు చెబుతున్నాను.

జెండా మూల బురదలో పడటం మీరొక్కరే చూశారనుకున్నారు. నేనూ చూశాను. మడిచేటప్పుడు సంఘం వాళ్ళు ఆ మూలను లోపలికి పెట్టి, శుభ్రమైన వైపు పైకి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నాకు కనపడకూడదని, పాపం. ఇంటికి తెచ్చి బీరువాలో ఆయన చొక్కాల పక్కన పెట్టాను. పైకి చక్కగా ఉంది. లోపల బురద ఉందని నాకు తెలుసు. పగలు పనిలో మరిచిపోయేదాన్ని. పొద్దుగూకితే ఆ తలుపు వైపు చూడలేకపోయేదాన్ని. ఆ మనిషి బట్ట మీద మరక ఉండగా నేనెప్పుడైనా బీరువాలో పెట్టానా? ఇంట్లో ఇంకేం జరిగినా జరగనీ, అది మాత్రం జరగలేదు.

అందుకని విప్పాను. ఆ మూల ఒక్కటే ఉతుకుదామనుకున్నాను. ఒక మూల తెల్లబడితే మిగతాది మాసినట్టు కనిపించింది. అంతా ఉతికాను. ఆరేశాను. తీశాక నా చేతులు గంజి గిన్నె వైపే పోయాయి. వాటికి తెలిసింది అదే. పోలీసులవి, డాక్టర్లవి, మీ తమ్ముడి డిపో చొక్కాలు, ఏవైనా గంజి పెట్టే ఇచ్చాను. గౌరవమైన బట్టకు గంజి పెడతాను. మీ ఆర్మీలో గౌరవానికి ఇంకేదో చేస్తారేమో, నాకు ఇదే వచ్చు.

ఆ తర్వాత మూడు మూలలుగా మడవబోతే విరుచుకుంటుంది తప్ప మడత పడదు. కండక్టరు చూసింది అలా కుస్తీ పడుతున్న ఒక రోజే. నలుగురైదుగురు నిలబడి చూసింది నా గొప్ప కాదు వదినా, నా అవస్థ. దర్జీ ఒక రకంగా చెప్పాడు. పిండిమర ఆయన, "కాగితం పడవ మడిచినట్టు మడువమ్మా" అన్నాడు. ఇంకొకాయన తనకొచ్చంటూ ముట్టుకోబోయాడు. చేతి మీద కొట్టాను.

సంఘం వాళ్ళను పిలిస్తే చిటికెలో మడిచిచ్చేవాళ్ళు. నా మొగుడి బట్ట మడవడానికి బయటి మగాళ్ళెందుకు? మిమ్మల్ని అడుగుదామనుకున్నాను. అడిగితే మీకొచ్చు, నాకు రాదని నా చేత్తో రాసిచ్చినట్టవుతుంది. మీకు సెల్యూట్ వచ్చు, కొలత వచ్చు, ఆయన చిన్నతనం వచ్చు. ఒక్క బట్ట మడత విషయంలోనైనా మీ దగ్గర ఓడకూడదనుకున్నాను. బట్టలు మడిచి బతికేదాన్ని గదా. అందుకే పంపే స్థితిలో లేదని రాశాను.

ఇప్పుడు మీ దగ్గరే ఉంది. మీకొచ్చు. మడిచి ఆ ఫొటో కింద పెట్టుకోండి. నెల కాదు, మీ ఇష్టం. బీరువాలో ఆ అర ఖాళీగా ఉంది. చొక్కాలు అటు జరిపాను, మళ్ళీ ఇటు జరిపాను. ఎలా పెట్టినా ఖాళీ కనిపిస్తోంది.

మీ మరదలు


సెప్టెంబర్ 10

మరదలా,

ముందు నీ గంజి సంగతి. రెండుసార్లు నానబెట్టి జాడిస్తే గాని వదల్లేదు. నీలాగే మొండిది. జాడించేటప్పుడు చూశాను, ఆ మూల కుట్టులో సన్నగా ఎర్రమట్టి గీత ఒకటి ఇంకా ఉంది. నీ సబ్బుకు అందలేదు. నేనూ వదిలేశాను. దాని గురించి నువ్వేం నిద్ర చెడగొట్టుకోకు. నాకు చాలినంతే ఉంది.

ఇక మడత. నాకొచ్చు. ఎన్నిసార్లు మడిచానో లెక్కలేదు, ఆ ఆసుపత్రిలో అటువంటి రోజులు చాలా ఉండేవి. కానీ ఎప్పుడూ ఎదురుగా ఇంకొకరుండేవాళ్ళు. ఒక్కదానికి అది రాదు. మొన్న ఒక కొస కిటికీ చువ్వకు కట్టి రెండో కొస నేను పట్టుకున్నాను. మొదటి మడత పడింది. రెండోదానికి చువ్వ నా దగ్గరికి నడిచి రావాలి. రాలేదు. మంచం కోడుకు కట్టి చూశాను, నడుమ కింద నుంచి పెట్ట దూరిపోయింది. పాలామె చూసి, "నేను పట్టుకోనా నర్సమ్మా?" అంది. వద్దన్నాను. శుభ్రమైన మనిషే. అయినా ఆమెకు వాడేమవుతాడని? నువ్వు సంఘం వాళ్ళను రానివ్వలేదుగా, నాకూ అదే రోగం.

కాబట్టి నువ్వు రావాలి. ఆదివారం నీకు దుకాణం సెలవు. పొద్దున బస్సెక్కు. ఇస్త్రీ పెట్టె తేవద్దు. నువ్వు చెయ్యవలసిందల్లా ఒక కొస గట్టిగా లాగి పట్టుకోవడం. అది నీకు నేర్పక్కర్లేదు, జూలై నుంచీ చేస్తున్నావు. నేను నీ వైపు మడుచుకుంటూ వస్తాను. నా మొహం వైపు తిరిగి మాట్లాడు. వెనక నుంచి పిలిచి, మళ్ళీ పొగరు అనుకోకు.

వచ్చాక ఆ హారన్ సంగతి ఇంకోసారి చెప్పు. ఉత్తరంలో ఉందిలే. నోటితో చెబుతుంటే నీ పెదాలు చూడాలి.

మడిచాక ఎవరి బీరువాలో ఉండాలో అప్పుడు పోట్లాడుకుందాం. నేను తేలిగ్గా వదలను.

ఇంకొకటి. నా జెండా ఎవరి ఒళ్ళో అని అడిగావు. సార్జంటుకు కబురు పంపాను. నీ ఒళ్ళోనే. ఆయన మోకాళ్ళు బాగాలేవు కదా, తనకంటే ముందు నేను పోతే నయమన్నాడట, వెధవ. ఆ రోజు ముందు వరసలో కూర్చో. పక్క కుర్చీ మీద సంచి పెట్టుకో, ఈసారి ఎవరూ ఏమీ అనుకోరు. వాళ్ళు మడత తప్పితే అక్కడే విప్పించి మళ్ళీ మడిపించు. అందుకే ముందు నేర్చుకోమంటున్నాను.

వాడిదీ, నాదీ, రెండూ చివరికి నీకే. తలచుకుంటే ఇప్పటి నుంచే నాకు కడుపు మండిపోతోంది.

నాదానికి మాత్రం గంజి పెట్టకు.

వదిన